పన్నెండో కవరు

నేను చెప్పిన కథల్లో చేపలు గాలం వేసి మనుషుల్ని పట్టాయి. ఒక ఊళ్లో వాన కిందినుంచి పైకి కురిసింది. ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఒక్క అక్షరం కూడా నా సొంతం కాదు. జరిగింది జరిగినట్టు, తూకం వేసినట్టు చెబుతాను. వేలెత్తి చూపించడానికి మీకు సందు దొరికితే నా చెవి కోసిస్తాను.

ఆ ఆదివారం కూడా మిగతా ఆదివారాల్లాగే తెల్లారింది. కుళాయి కాసేపు దగ్గి నీళ్లు వదిలింది. జిగురాయన భార్య టీ గిన్నె దించి, భోజనాల బల్ల మీది సామానంతా తీసేసి, తడిగుడ్డతో మూలమూలలా తుడిచింది. తుడిచాక గుర్తొచ్చింది, ఇప్పుడు బల్ల ఖాళీగా ఉండాల్సిన పనేమీ లేదని. ఐదు నెలలుగా ప్రతి ఆదివారం ఆవిడకి అలా తుడిచాకే గుర్తొస్తోంది. జిగురాయన అది చూసీ చూడనట్టు కిటికీవైపు తిరిగాడు.

జిగురాయన అన్నది అచ్చాఫీసు వాళ్లు పెట్టిన పేరు. ముప్ఫై ఎనిమిదేళ్లు ఒకే అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టాడు, వెన్నులు అతికించాడు, అట్టలు వేశాడు. ఆయన బైండు చేసిన లెడ్జరును రెండు ఎడ్లు చెరోవైపు లాగినా ఒక్క కాగితం ఊడిరాలేదట. మైదా జిగురు తనే కాచుకునేవాడు. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేసేవాడు. అందుకే ఆయన గోళ్ల అంచులు ఎప్పుడూ లేత నీలంగా ఉండేవి.

అచ్చాఫీసు మూతపడ్డ రోజున ఇంటికొచ్చి, కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. మూడు నెలలు అలాగే కూర్చున్నాడు. పిలిస్తే పలికేవాడు కాదు. అప్పుడు, సిటీ బస్సు నడిపే కొడుకు ఒక ఆదివారం పొద్దున్న చంకలో పెద్ద అట్టపెట్టె పెట్టుకుని వచ్చాడు.

"ఏంట్రా అది?" అంది తల్లి.

"ఓడ ఆటమ్మా. నలుగురం కలిసి ఒకే ఓడ నడపాలి. మనలో మనకి పోటీ లేదు. గెలిస్తే అందరం గెలుస్తాం, మునిగితే అందరం మునుగుతాం."

"మునగడానికి పెట్టె కొనుక్కోవాలా? ఊరికే మునగలేమూ?"

ఆ మాటకి గోడవైపు కుర్చీలోంచి చిన్న నవ్వు వినిపించింది. మూడు నెలల్లో అదే మొదటిది.

ఆ ఆట మొత్తం పన్నెండు అంకాలు. ఒక్కో అంకం మొదలుపెట్టేముందు ఒక కవరు విప్పాలి. అందులోంచి కొత్త దీవులు వస్తాయి, వాటిని పటం మీద అంటించాలి. వాడేసిన కార్డుల్ని చింపెయ్యాలి. ఇక్కడే చిక్కొచ్చింది. బతుకంతా కాగితాలు అతికించిన మనిషిని చింపమంటే చేతులొస్తాయా? జిగురాయన చింపినట్టు నటించి, ముక్కల్ని జేబులో దాచుకుని, మర్నాడు కూర్చుని చక్కగా అతికించేసేవాడు. "నాన్నా, చింపమన్నారు గానీ బైండు చెయ్యమనలేదు!" అని కొడుకు పడీపడీ నవ్వేవాడు. పదకొండు అంకాలకి నలభై ఆదివారాలు పట్టింది.

ఒక గురువారం మధ్యాహ్నం కొడుకు డిపోలో బస్సు పెట్టి, బ్రేకు వేసి, ఇంజను ఆపి, స్టీరింగు మీద తల వాల్చాడు. మళ్లీ ఎత్తలేదు. వాడికి ముప్ఫై నాలుగేళ్లు.

పన్నెండో కవరు అలాగే ఉండిపోయింది. అందులో ఏముందో ఇంట్లో అందరికీ తెలుసు. ఆట మొదలుపెట్టిన రోజే రూల్సు పుస్తకం ఒక పని చెయ్యమంది. ఓడ ఎక్కేముందు ఎవరికీ చెప్పని మాట ఒకటి ప్రతివాళ్లూ కాగితం మీద రాసి, మడిచి, ఆఖరి కవరులో వేసి, దాని అంచుకున్న బంకతోనే అంటించెయ్యాలి. అంటే కొడుకు చేత్తో రాసినదీ, ఎవరూ చదవనిదీ ఒక కాగితం ఆ కవరులో ఉంది.

"మామయ్యగారూ, బీరువా తాళం ఒకసారి ఇస్తారా?"

కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. కంటి ఆసుపత్రిలో ల్యాబు పని ఆమెది. వేరే ఊళ్లో కొత్త శాఖ తెరిచి ఆమెను అక్కడికి వేశారు. సాయంత్రం బండికి ప్రయాణం. నడవలో రెండు సూట్‌కేసులు తాళ్లు కట్టి ఉన్నాయి.

"దేనికమ్మా?"

"పెట్టె కోసం. వెళ్లేలోపు ఆ కవరు విప్పుదామని."

"కుదరదమ్మా."

"ఎందుకు కుదరదు?"

"రూల్సులో ఉంది. నలుగురూ బల్ల దగ్గర కూర్చుంటేనే విప్పాలి."

కోడలు ఆయన వైపు అలాగే చూసింది. "నిరుడు చింపమన్న రూలు మీరు ఒక్కసారైనా పాటించారా మామయ్యా?"

"అది వేరు."

"ఏం వేరు? ఐదు నెలలుగా అడుగుతున్నా. మొదట నెల మాసికం అవనీ అన్నారు. తర్వాత మోకాళ్ల నొప్పి అన్నారు. పోయిన వారం తాళం కనపడటంలేదన్నారు. అది మీ మెడలోనే వేలాడుతోంది, నాకు కనపడుతూనే ఉంది."

"నీకు అర్థం కాదులే."

"అవును, నాకెందుకు అర్థమవుతుంది! పోయింది మీ కొడుకు ఒక్కడేగా. నాకేం పోలేదు. నేను సత్రంలో దిగినదాన్ని, సామాను సర్దుకుని పోతాను!"

"గొంతు తగ్గించు!"

"తగ్గించను. మీరు ఆ కాగితం మీద పాములా చుట్టుకు కూర్చున్నారు. అది ఆయన రాసిపెట్టి పోయిన మాట. అందులో నాకు వాటా లేదా?"

జిగురాయన కుర్చీని వెనక్కి తోసి లేచాడు. "నలుగురు కావాలని రాసుంది! ముగ్గురం ఉన్నాం. ఎక్కణ్ణించి తెస్తావు నాలుగోవాణ్ణి? తే! తీసుకొచ్చి కూర్చోబెట్టు, విప్పుతాను!"

అన్నాక, ఆ మాటని వెనక్కి లాక్కోవాలన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కోడలు గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

ఆయన భార్య తడిగుడ్డ పిండి దండెం మీద ఆరేసింది. వచ్చి మొగుడి ఎదురుగా చెయ్యి చాపింది.

"ఇవ్వండి."

"నీకు తెలీదు..."

"నాకేమీ తెలీదు. తాళం ఇవ్వండి."

నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ అలా చెయ్యి చాపడం ఆయన చూడలేదు. తాళం తీసి ఇచ్చాడు.

పెట్టె బల్ల మీదికొచ్చింది. కోడలు మూత తీసి, అన్నిటికన్నా అడుగున ఉన్న కవరు పైకి తీసింది. రోజంతా సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టే పిల్ల. కవరును వెలుతురుకి ఎత్తి పట్టుకుని, అంచు మీద వేలు నెమ్మదిగా నడిపించింది. అతుకు వెంట వెంట్రుకంత సన్నటి నీలిగీత ఉంది.

"మామయ్యా," అంది. గొంతులో కోపం లేదు. "ఇది మైలుతుత్తం."

జిగురాయన కూలబడ్డాడు.

"ఎప్పుడు విప్పారు?"

"పదమూడో రోజు." ఆయన నేల చూస్తున్నాడు. "వేడినీళ్ల ఆవిరి పట్టించి విప్పాను. వాడిది ఒక్కటే చదివాను. మీవి ముట్టుకోలేదు, ఒట్టు. మళ్లీ అతికించేశాను. ఎవడికీ తెలీకుండా అతికించగలనని నాకో పొగరు."

"ఏం రాసుంది?" అంది భార్య.

"చదవకండి. మీ ఇద్దరికీ దణ్ణం పెడతాను. అది నాకు ఒక్కడికే రాసినట్టు ఉంది."

కోడలు అప్పటికే కవరు విప్పింది. నాలుగు మడతల్లోంచి మొగుడి చేతిరాత పట్టుకుంది. పైకే చదివింది.

"'నాకు ఈ పెట్టె ఆటలంటే చిరాకు. ఆదివారం ఒక్కరోజైనా పొద్దెక్కేదాకా పడుకోవాలని ఉంటుంది. నాన్న గోడవైపు తిరిగి కూర్చోవడం చూడలేక తెచ్చాను. ఆయనకి చెప్పొద్దు.'"

"విన్నారుగా," అన్నాడు జిగురాయన. "వారంలో ఆరు రోజులు ఎండలో బస్సు నడిపేవాడు. వాడికున్నది ఒక్క పొద్దు. నలభై ఆదివారాలు నేనే తినేశాను. ఇంకోసారి ఆడదాం, ఇంకోసారి అని వాణ్ణి లేవనిచ్చేవాణ్ణి కాదు. ఆసుపత్రిలో డాక్టరు ఏమన్నాడు? ఒంటికి విశ్రాంతి లేదన్నాడు. వాణ్ణి చంపింది గుండె కాదమ్మా. నేను."

ఏడుపు రాలేదాయనకి. వస్తే బావుండేది. గోళ్ల నీలిరంగుని గీరుకుంటూ కూర్చున్నాడు.

కోడలు మిగతా మూడూ బల్ల మీద పరిచింది. తనది తీసి తనే చదివింది. "'ఆదివారం సినిమాకి తీసుకెళ్తానని మాటిచ్చి ఈ పెట్టె తెచ్చారు. దీన్ని పొయ్యిలో పెట్టాలని ఉంది.'" చదివి, ఏడవబోయి నవ్వేసింది. "అత్తయ్యా, మీది?"

"నువ్వే చదువు. నా అక్షరాలు నాకే అర్థం కావు."

"'నాకు రూల్సు తెలీవు. వీళ్లు నవ్వితే నవ్వుతున్నాను.'"

"ఇప్పటికీ తెలీవు," అంది ఆవిడ.

చివరిది జిగురాయనది. ముత్యాల్లాంటి దస్తూరి. "'నాకు ఆటలు ఇష్టం లేదు. పిల్లవాడు ముచ్చటపడి తెచ్చాడని కూర్చున్నాను.'"

కోడలు ఆ కాగితం కింద పెట్టి, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఇష్టం లేదని రాశారు. మరి నలభయ్యో ఆదివారానికి కూడా ఇష్టం లేదా?"

శనివారాలు మధ్యాహ్నం భోంచేసి మర్నాటికి కార్డులు ఎవరు సర్దిపెట్టేవారో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"ఇవన్నీ మొదటిరోజు రాసినవి మామయ్యా. ఓడ ఎక్కకముందు రాసినవి. మూడో అంకం అప్పుడు నేను టికెట్లు తెచ్చాను సినిమాకి. వెళ్దాం పదండంటే ఆయన ఏమన్నారో తెలుసా? 'నేనొస్తే చుక్కాని ఎవరు పడతారే' అన్నారు. డిపోలో కనపడ్డవాడికల్లా ఈ ఆట గురించే చెప్పేవారట. టీ తాగనివ్వకుండా చెప్పి ముగ్గురి చేత కొనిపించారు. మనింటికి పరామర్శకి వచ్చిన కండక్టరు లేడూ, బట్టతలాయన? 'మేమింకా నాలుగో అంకంలోనే ఉన్నామమ్మా, తర్వాత ఎలాగో అడుగుదామనుకున్నా' అని ఏడ్చాడు. చిరాకుపడేవాడు ఊరందరికీ చెబుతాడా?"

"డాక్టరు..."

"డాక్టరు పది కారణాలు చెప్పాడు. నేనూ అక్కడే ఉన్నా. మీరు అందులో ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నారు."

జిగురాయన మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. అప్పుడొచ్చింది ఏడుపు, ఐదు నెలలది, కుళాయి దగ్గినట్టు ముందు పొడిగా, తర్వాత ఆగకుండా. భార్య ఆయన వీపు మీద చెయ్యి వేసింది. కోడలు చేతిసంచీ తెరిచి, మడిచిన రుమాలు తీసి, విప్పి, ఆకుపచ్చ పావు ఒకటి బల్ల మీద పెట్టింది. అది ఆటలో కొడుకు నడిపే పావు.

"ఆసుపత్రివాళ్లు బట్టలు ఇచ్చినప్పుడు యూనిఫారం జేబులో ఉంది. మీకు చూపించకుండా నేనూ దాచుకున్నా. ఇదిగో, నాలుగో మనిషి."

ఆడారు. సాయంత్రం బండికి ఇంకా టైముంది. కొడుకు వంతు వచ్చినప్పుడల్లా ముగ్గురూ ఆకుపచ్చ పావు వైపు చూసి, వాడైతే ఏం చేసేవాడో వాదించుకుని అదే చేశారు. వాడెప్పుడూ తొందరపడి తుపాను వైపే పోయేవాడు. వీళ్లూ పోయారు. నాలుగింటికి ఓడ మునిగింది.

"అంతేనా? ఇంతకష్టపడీ మునిగామా?" అంది పెద్దావిడ.

"ఓడితే ఆఖరి అంకం మళ్లీ ఆడొచ్చని రాసుంది అత్తయ్యా. వచ్చేనెల మొదటి ఆదివారం వస్తాను. ఈలోగా మీరు రూల్సు నేర్చుకోవాలి."

"నాకెందుకమ్మా! మునగడం వచ్చుగా."

జిగురాయన బల్ల మీది నాలుగు కాగితాల్లోంచి తనది తీసుకున్నాడు. ముత్యాల దస్తూరిని ఒకసారి చూసుకుని, నిలువునా చింపాడు. మళ్లీ అడ్డంగా చింపాడు. జేబులో వేసుకోలేదు. కొడుకు కాగితాన్ని మాత్రం మడత మీద గోరుతో ఒత్తి, కోడలి చేతిలో పెట్టాడు. తర్వాత లేచి వెళ్లి, వాడు పోయాక మళ్లీ గోడవైపు తిప్పుకున్న కుర్చీని బల్లవైపు తిప్పాడు.

ఇదీ జరిగింది.

మొదట్లో ఒక్క అక్షరం కూడా నా సొంతం కాదని ఛాతీ విరిచాను కదూ. ఎడ్ల సంగతి మీరెలాగూ నమ్మి ఉండరు, అవి అచ్చాఫీసు వాళ్ల కోతలు. నేను కల్పించింది ఒక్కటే. యూనిఫారం జేబులో పావు లేదు. జేబులో బస్సు తాళాలూ, ఒక దువ్వెనా ఉన్నాయి. పావు పెట్టెలోనే ఉంది, అట్టలో దానికి చేసిన గుంటలో, ఆఖరి ఆదివారం వాడు పెట్టినచోటే. కోడలు దాన్ని చూసి, మారు మాట లేకుండా తీసి నాలుగో వైపు నిలబెట్టింది. మునిగిన ఓడా, చింపిన కాగితమూ నిజమే. పావును అలా పెట్టెలో ఒంటరిగా వదిలెయ్యడానికి నాకే మనసొప్పక, జేబులో వేశాను. నా చెవి మీ ఇష్టం.