ఏడో గోపురం గడువు

అంగారకుడి మీద ఇల్లు ఖాళీ చేయడం పెద్ద విషయమేమీ కాదు. గోపురంలో గాలి నిలిపే సీలు అరిగితే జనం పక్క గోపురానికి పోతారు, కొత్తది వేశాక తిరిగొస్తారు. ఎప్పుడు పోవాలో చెప్పేది డాక్టర్ వకుళ కనిపెట్టిన గడువుయంత్రం.

ఇన్ని రోజుల్లో సీలు చిరిగే అవకాశమెంత అన్నది పాత లెక్క. ఇది తలకిందుల లెక్క. అవకాశం మనం చెబితే రోజులు అది చెబుతుంది. సీళ్ల ఆయుష్షుది లాగ్‌నార్మల్ పంపిణీ: చాలావరకు త్వరగానే పోతాయి, కొన్ని మొండిగా ఏళ్లు లాగుతాయి. అందుకే పూర్వం స్ప్రెడ్‌షీట్లలో వాడిన లాగ్‌ఇన్వ్ ఫార్ములానే వకుళ దీనిలో పెట్టింది. సంభావ్యత, ఆయుష్షుల లాగరిథమ్‌ల సగటు, వాటి ప్రామాణిక విచలనం ఇస్తే గడువు వచ్చేస్తుంది.

లెక్కలో దోషం లేదు. దోషమంతా జనంలోనే ఉందని వకుళ మండిపడేది. చిరిగే అవకాశం నూటికి ఐదు అని కొట్టి తేదీ పంపితే, పెళ్లి కార్డులో భోజనాల వేళను చూసినట్టు చూసి తాపీగా కదిలేవారు. ఒళ్లు మండి ఆమె ఐదును ఒకటి చేసింది. గడువు దగ్గరపడింది. జనం అది పసిగట్టి ఇంకా ఆలస్యం చేశారు. వెయ్యికి ఒకటి చేసినా అదే తంతు.

ఈ ఉదయం ఏడో గోపురం సీలు కొలతలు చూసి ఆమె గతుక్కుమంది. సగానికి సగం అని కొట్టినా యంత్రం ఇవాళే అంది. వెంటనే గోపురం అధికారి కోదండపాణికి ఫోన్ చేసింది.

"ఇవాళే ఖాళీ చేయించండి."

"మీరు ఇవాళ అన్నారంటే ఇంకో నెల ఢోకా లేదు మేడం. మీ లెక్క మాకు అలవాటేగా."

"ఈసారి ముందుకు జరపలేదండీ. ఉన్నదున్నట్టు చెప్తున్నా."

"పోయినసారీ ఇదే మాటన్నారు."

అన్నది నిజమే. వకుళకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఇంతకీ మీరెక్కడున్నారు మేడం?"

"ఏడో గోపురంలోనే, మా ఇంట్లో."

"మరి మీరే కదల్లేదు కదండీ."

వకుళ చేతిలో సగం తాగిన కాఫీ ఉంది. తన లెక్కను తానే నమ్మలేదని అప్పుడు తెలిసి సిగ్గుపడింది. కప్పు పడేసి, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగుతీసింది. డాక్టరమ్మ పరుగు చూసి పక్కింటివాళ్లు, వాళ్లను చూసి వీధంతా పరుగెత్తింది. సాయంత్రం సీలు చిరిగేసరికి గోపురంలో ఒక్కరూ లేరు.

మర్నాడు కోదండపాణి చేతులు జోడించాడు. "ఇకనుంచి తేదీలు పంపొద్దు మేడం. మీరు పరుగెత్తండి, మీ వెనకే వచ్చేస్తాం."

వకుళ కాస్త మెత్తబడింది. అతను గొంతు తగ్గించి అడిగాడు.

"కాకపోతే, నిజంగా పరుగెత్తాల్సిన రోజుకి ఓ వారం ముందే పరుగెత్తుతారుగా?"