రిజర్వాయర్ గదిలో నల్లటి తెర

రిజర్వాయర్ ఇంజనీర్‌ను పొద్దున్నే కారులో కాల్చి చంపారు.

"విదేశీ ముఠా పని," అన్నాడు సీక్రెట్ సర్వీస్ చీఫ్. "ఈ మధ్యాహ్నం గేట్లన్నీ ఒక్కసారిగా తెరుచుకునేలా కంప్యూటర్లో ఏర్పాటు చేశారు. దిగువనంతా ఇళ్ళే. వెళ్ళి ఆపు."

ఏజెంట్ పిచ్చుక సర్వీస్ ఇంజనీర్ వేషంలో కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టేసరికి ఆపరేటర్ తల పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా మానిటర్ బొగ్గులా ఉంది.

"ఈ కంప్యూటర్ని నడిపే లినక్స్ అప్‌గ్రేడ్ చెయ్యమని హెడ్డాఫీసు పేరుతో మెసేజ్ వచ్చింది సార్. చేశాను. అంతే, మళ్ళీ డెస్క్‌టాప్ మొహం చూడలేదు. మా ఆవిడా పిల్లలూ దిగువనే ఉన్నారు సార్..."

పిచ్చుక జేబులో సైలెన్సర్ పిస్టల్ ఉంది, బూటు మడమలో కెమెరా ఉంది. ఏదీ అక్కరకు రాలేదు. కేబుల్ మార్చాడు. రీస్టార్ట్ చేశాడు. లోగో మెరిసి, మళ్ళీ చీకటి. చేత్తో గేట్లు దించే చక్రాన్ని ముఠా ముందే విరగ్గొట్టింది. ఫోన్ లైన్లూ నెట్టూ కోసేసింది.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ త్రీ కలిపి నొక్కాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు! మెషీన్ బతికే ఉంది. పోయింది బొమ్మ ఒక్కటే. అప్‌గ్రేడ్‌తో వచ్చిన, లినక్స్‌కు గుండెకాయలాంటి కొత్త కెర్నల్‌కీ తెర మీద బొమ్మ వేసే పాత గ్రాఫిక్స్ డ్రైవర్‌కీ పొసగడం లేదు. కొత్త డ్రైవర్ దించుకుందామంటే నెట్ లేదు.

తలుపు తెరుచుకుంది. ఎర్రటి సిల్కు స్కార్ఫ్, చేతిలో పిస్టల్. ముఠాలో ఉంటూ అటు కబుర్లు ఇటూ, ఇటు కబుర్లు అటూ చేరవేసే అందగత్తె వెన్నెల.

"ఆ డ్రైవర్ పీకెయ్," అంది. "మామూలు డిస్‌ప్లేతో లేస్తుంది. ఎవరూ గేట్లు ఆపకుండా ఈ అప్‌గ్రేడ్ తయారుచేసింది నేనే."

"నిన్నెలా నమ్మను?"

"నమ్మకు. వేరే దారుంటే చూసుకో."

లేదు. డ్రైవర్ తీసేసి, రీస్టార్ట్ చేశాడు. డెస్క్‌టాప్ వచ్చింది, కానీ అక్షరాలు గుమ్మడికాయలంత! గేట్ల విండో సగమే కనిపిస్తోంది. ‘రద్దు’ బటన్ తెర అడుగున ఎక్కడో దిగబడిపోయింది.

బయట సైరన్ మోగింది. గేట్లు లేవడం మొదలై నేల కంపించింది. ఆపరేటర్ గోడకు జారగిలబడి పిల్లల్ని పేరుపేరునా పిలుస్తున్నాడు.

"ఆల్ట్ నొక్కిపట్టి, మౌస్‌తో విండోని పైకి లాగు!" అరిచింది వెన్నెల.

లాగాడు. బటన్ అంచు వెంట్రుకవాసి కనబడింది. నొక్కాడు.

కంపనం ఆగింది. కిటికీలోంచి చూస్తే, గేట్ల కింద చిమ్ముతున్న నీరు సన్నబడి, ఆగిపోయింది.

"ఉత్త బెదిరింపేననుకున్నాను. మనిషిని చంపుతారనుకోలేదు," అంటూ వెన్నెల పిస్టల్ బల్ల మీద పెట్టేసింది.

ఆపరేటర్ కళ్ళు తుడుచుకుని, స్పీకర్‌ను తట్టి చూశాడు. "బొమ్మయితే వచ్చింది గానీ సార్, సౌండ్ రావట్లేదు."

పిచ్చుక వెన్నెల వైపు గుర్రుగా చూశాడు.

"దాంట్లో మా ముఠా చెయ్యి లేదు, అది లినక్స్ సొంత తెలివి," అంది వెన్నెల.