లెక్కలో ఒకరు ఎక్కువ

నేను పుట్టి పెరిగిన ఊరికి వందల ఏళ్ళ చరిత్ర ఉంది. కోటగోడ ఉంది, గడియారస్తంభం ఉంది, రాళ్ళు పరిచిన సన్నటి వీధులున్నాయి. వాటిని చూడ్డానికి మాత్రం ఎవరూ రారు. హోటల్లో పెట్టెలు పడేసి, తెల్లారకుండానే మా వ్యాన్ ఎక్కి, ఒకరోజు గుహలకీ, ఒకరోజు జలపాతానికీ, ఒకరోజు సముద్రానికీ పోయి, సాయంత్రం నిద్రమొహాలతో తిరిగొస్తారు. ఈ దక్షిణాదంతా చుట్టబెట్టడానికి మీ ఊరు మంచి బేస్ అండీ అని నాకు సర్టిఫికెట్ ఇచ్చి మరీ పోతారు. ఆ బేస్ అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

వ్యాన్ మా బావది. ఆఫీసు కింద, ఇల్లు పైన. పెత్తనం బావది, మా అక్కది ఇంకా పెద్ద పెత్తనం, స్టీరింగ్ ఒక్కటే నాది. రోజంతా నడిపి ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనమై, అన్నం ముందు కూర్చునే కునుకు తీస్తాను.

ఆ అమ్మాయి గైడుగా చేరిన మొదటిరోజే మా ఇద్దరికీ చెడింది. గుహల దగ్గర అందరూ ఎక్కాక, వెనక సీటు నుంచి ఒక్కొక్క తలా లెక్కపెట్టుకుంటూ వచ్చి నా వెనక ఆగింది. లెక్క తేడా వచ్చింది, బండి తియ్యకండి అంది. ఏ ముసలాయన గుహలో ఉండిపోయాడో అనుకున్నాను.

"ఎంతమంది తక్కువ?"

"తక్కువ కాదు. ఒకరు ఎక్కువ."

అద్దంలోంచి ఆమెను ఎగాదిగా చూశాను. "అయితే మంచిదేగా. ఎవరో ఒకర్ని దించేద్దామా?"

"జోకులొద్దండీ. లెక్క సరిపోకుండా బండి కదలకూడదని మీ బావగారి ఆర్డర్."

మళ్ళీ వెనక్కెళ్ళి మొదలుపెట్టింది. విసుగొచ్చి నేను హారన్ కొట్టాను. ఆమె ఉలిక్కిపడి, లెక్క మర్చిపోయి, మూడోసారి మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి ఆమె నాకు లెక్కల టీచర్, నేను ఆమెకు హారన్ గారు.

దారిలో టీ తాగుతూ, మా ఊరు నచ్చిందా అని మర్యాదకి అడిగాను. కొన్నాళ్ళు ఇక్కడ పని నేర్చుకుని పెద్ద కంపెనీకి వెళ్ళిపోతానని, ఈ ఊరు తనకో బేస్ అని చెప్పింది. ఈవిడ కూడానా అనుకుని గ్లాసు కింద పెట్టేశాను.

ఆ తర్వాత ప్రతి ట్రిప్పులోనూ అదే వరస. లెక్కపెడుతుంది, ఒకరు ఎక్కువొస్తారు, మొహం చిట్లిస్తుంది, వేళ్ళ మీద ఏదో తీసేసి, సరే పోనివ్వండి అంటుంది. తనని తాను రెండుసార్లు లెక్కపెట్టుకుంటోందని నేను వెక్కిరించేవాణ్ణి. డిగ్రీ చేసినట్టు సర్టిఫికెట్ చూపించమనేవాణ్ణి. మీ హారన్ మోతకి చదివిందంతా పోయిందని ఆమె అనేది.

తిరుగు ప్రయాణంలో జనమంతా గురకలు పెడుతుంటే, నాకు కునుకు రాకుండా కాపలా అని పక్కసీట్లో కూర్చునేది. కాపలా కాసేది ఎంతసేపనుకున్నారు? రెండు మలుపులు తిరక్కముందే తనే నిద్రపోయేది. జల్లు మీద పడకుండా నేను అద్దం ఎత్తేవాణ్ణి. గుంతలొస్తే మెల్లగా దింపేవాణ్ణి. అంత మెల్లగా నా జన్మలో ఎవరికోసమూ నడపలేదు. నాకు ఆమె అంటే ఇష్టమని అలా నడుపుతుంటేనే తెలిసింది. తెలిసి ఏం లాభం? బేస్‌లో ఎవరూ కాపురం పెట్టరు కదా.

ఒక ఉదయం వ్యాన్ కడుగుతుంటే బావ వచ్చి చల్లగా చెప్పాడు. సముద్రం ఒడ్డున పెద్ద రిసార్ట్ వాళ్ళు ఆమెను రమ్మన్నారట. రేపు పొద్దున వాళ్ళకి ఫోన్ చేసి మాటిస్తుందట. ఇవాళ్టి జలపాతం ట్రిప్పే ఆఖరు. మెట్ల మీద నిలబడ్డ అక్క నా చేతిలో బకెట్ వంక, నా మొహం వంక చూసింది.

"ఒరేయ్, నువ్వేమీ అనవా?"

"నేననేదేముందే. ఆవిడ నన్ను లెక్కచేస్తే కదా."

"అడిగావా?"

"లేదు."

"అడక్కుండానే అలిగేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను," అని అక్క లోపలికి పోయింది.

జలపాతం దగ్గర పైనుంచి వాన, పక్కనుంచి తుంపర. అందరూ నిలువునా తడిసి ఎక్కారు. ఆమె వెనక నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఒక్కసారే.

"సరిపోయింది. పోనివ్వండి."

నేను బండి తియ్యలేదు. "ఇవాళ ఒకరు ఎక్కువ రాలేదా?"

"రాలేదు."

"మరి తగ్గిందెవరు?"

ఆమె తడిసిన దుపట్టా కొసలు పిండుకుంటూ, నా వంక చూడకుండా అంది. "మీరు. ఇవాళ మిమ్మల్ని లెక్కపెట్టలేదు."

వెనక నుంచి ఎవరో పెద్దాయన, బాబూ, ఈ బండి కదిలే ఉద్దేశం ఉందా అని అడిగాడు. కదిలించాను. ఆమె ఆ రోజు పక్కసీట్లో కూర్చోలేదు. వెనకెక్కడో కూర్చుంది. నన్ను లెక్కచెయ్యదని నాకు తెలుసు గానీ, వెళ్ళేరోజున మొహం మీద చెప్పాలా అని ఘాటు రోడ్డంతా కుమిలిపోయాను. నడుం నొప్పి, మనసు నొప్పి, వైపర్ల చప్పుడు, అన్నీ కలిసి తలప్రాణం తోకకొచ్చింది.

వంతెన దాటాక నా మొద్దు బుర్రకి వెలిగింది. ఇవాళ లెక్కపెట్టలేదంటే, ఇన్నాళ్ళూ పెట్టిందనేగా. బ్రేకు నొక్కాను. నిద్రపోతున్నవాళ్ళంతా లేచి నన్ను తిట్టారు. కుక్క అడ్డొచ్చిందని అబద్ధమాడాను.

హోటల్ దగ్గర అందరూ దిగిపోయారు. ఆమె బ్యాగు భుజాన వేసుకుని మెట్టు మీద నిలబడింది.

"ఇన్నాళ్ళూ ఎక్కువొచ్చిన ఆ ఒకరు నేనేనా?" అని అడిగాను.

"మొదటిరోజు పొరపాటే. డ్రైవర్ని లెక్కపెట్టకూడదని సాయంత్రం మీ బావగారు చెప్పారు." బ్యాగు పట్టీ సర్దుకుంది. "కానీ వెనక నుంచి వస్తుంటే చివర అద్దంలో మీ మొహం ఉంటుంది. కళ్ళు ఎర్రగా, ఎన్నాళ్ళుగానో నిద్రలేనట్టు. దాన్ని వదిలేసి లెక్కపెట్టడం నాకు చేతకాలేదు."

"మరి ఇవాళ చేతనైందే."

"రేపటినుంచి అలవాటు కావాలి కదా."

నా నోట సంబంధం లేని మాట వచ్చింది. మీరు మా ఊరు చూశారా అన్నాను. రోజూ చూస్తూనే ఉన్నానంది.

"చీకట్లో బయల్దేరి, సాయంత్రం వచ్చి పడుకుంటారు. మీరు చూసింది ఊరు కాదు, పడక. రేపు వ్యాన్‌కి సర్వీసింగ్. నేను చూపిస్తాను. అంతా చూశాక కూడా వెళ్ళాలనిపిస్తే నేనే స్టేషన్లో దింపుతాను." ఊపిరి తీసుకున్నాను. "కానీ వెళ్ళకండి. మీరంటే నాకు ఇష్టం. మీరు లేని వ్యాన్ నడిపే ఓపిక నాకు లేదు."

ఎన్నింటికి రావాలి, హారన్ గారూ అని అడిగింది ఆమె.

పొద్దున్న ఇద్దరం నడిచి తిరిగాం. బండి లేకుండా నాకు పది అడుగులకే ఆయాసం. ఈ గోడ ఎవరు కట్టించారు అంటే తెలీదన్నాను. ఆ గడియారం ఎప్పుడాగింది అంటే, ఆగిందా అన్నాను. గైడు మీరా నేనా అని ఆమె నవ్వింది. తాళాలు బాగుచేసేవాళ్ళ వీధిలో ఒకాయన, మా వీధికి చూడ్డానికి మనుషులు రావడం ఇదే మొదలు అని స్టూళ్ళు వేశాడు. చివరికి కోటగోడ ఎక్కి కూలబడ్డాం. గుహలకీ, జలపాతానికీ, సముద్రానికీ పోయే రోడ్లు మూడూ అక్కణ్ణుంచి కనిపించాయి. మూడూ మా కిందనుంచే మొదలయ్యాయి.

ఆమె చాలాసేపు చూసి ఫోన్ తీసింది. నేను లేచి పక్కకి వెళ్ళబోతే, కూర్చోమని చెయ్యి పట్టుకుంది.

"నేను రాలేనండీ," అంది ఫోన్‌లో. "ఇక్కడ చూడాల్సింది చాలా మిగిలిపోయింది."

పట్టుకున్న చెయ్యి వదల్లేదు. నేనూ గుర్తుచెయ్యలేదు.

భోజనాల వేళకి ఇంటికి తీసుకెళ్ళాను. అక్క తలుపు తీసి, మా ఇద్దర్నీ చూసి, ఏమీ ఎరగనట్టు బల్ల మీద కంచాలు సర్దుతూ పైకే లెక్కపెట్టింది. మీ బావ, నేను, నువ్వు అని ఆగి, నా వెనకకి తొంగిచూసింది.

"ఒకరు ఎక్కువొచ్చారే," అంది.

ఇన్నాళ్ళూ మా అక్కని మేడమ్ అని తప్ప పిలిచి ఎరగని మనిషి, చెప్పులు విడిచి లోపలికొచ్చింది.

"ఎక్కువ కాదు, వదినా. సరిపోయింది."

అక్క లోపలికెళ్ళి ఇంకో కంచం తెచ్చింది.