ఇంగ్లీషులో పిలిచిన పెద్దలు

"ఇప్పుడు దగ్గింది మీరేనా?" అని అడిగాడు కెనెచి.

గోడమీద ముగ్గులాంటి నల్లటి గీతలు దిద్దుతున్న ఉరెన్నా కుంచె ఆపలేదు. "నా గొంతు మీకు ముసలాయన గొంతులా ఉందా, ఇంజనీరు గారూ?"

ఆమె గొంతు ఎలా ఉంటుందో కెనెచికి బాగానే తెలుసు. గోడల పని చూడటానికి రోజూ రావలసిన అవసరమే లేదు. అయినా ఏదో వంక పెట్టుకుని వస్తున్నాడు. ఇందాక వినిపించింది మాత్రం ఇంటిపెద్ద గొంతు సవరించుకునే చప్పుడు. ఆ ఒబి చావడిలో వాళ్ళిద్దరు తప్ప ఎవరూ లేరు.

ఎనుగు నగరం శివార్లలో, కొండ కింద లేచిన ఆ కాలనీకి ప్లాను గీసింది కెనెచే. ఎర్రమట్టి రంగు ఇళ్ళు, చెక్కడాల తలుపులు, అన్నిటికీ నడుమ ఈ ఒబి. పూర్వం ప్రతి ఇంటిపెద్దా అలాంటి చావడిలో కూర్చుని, పోయిన తాతముత్తాతల్ని పిలిచి ప్రార్థన చేసి, వచ్చినవాళ్ళకు కోలాకాయ విరిచి పెట్టేవాడు. ఇప్పుడు కాలనీ మొత్తానికి ఒకటే. గీసినవాడికి మాత్రం సొంత ఒబి లేదు. మిషన్ వాళ్ళ అనాథాశ్రమం మెట్లమీద దొరికిన పిల్లవాడికి తాతలెక్కడి నుంచి వస్తారు? ఆ సంగతి అతను ఎవరికీ చెప్పుకోలేదు.

ప్రారంభోత్సవం నాటి నుంచీ ఇదే గొడవ. చీకటి పడుతోందంటే పిల్లలు అటు పోవడం లేదు. పెద్దపీట ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు వెచ్చగా ఉంటోందని కాపలావాడు పని మానేశాడు.

ప్రారంభోత్సవం రోజున కోలాకాయ విరిచిందెవరని అడిగింది ఉరెన్నా. కాలనీ ఛైర్మన్ గారని చెప్పాడు కెనెచి. ఏ భాషలో ప్రార్థన చేశారని అడిగింది. బయటి ఊళ్ళ నుంచి అతిథులొచ్చారు, మైకు పెట్టారు, అందుకని ఇంగ్లీషులోనే అని నసిగాడు కెనెచి.

ఉరెన్నా కుంచె కింద పెట్టేసింది. "తాతల్ని ఇంగ్లీషులో పిలిచారా? ఎవరో పిలుస్తున్నారని పాపం లేచి వచ్చుంటారు. ఎవరు పిలిచారో, ఎందుకు పిలిచారో అర్థంకాక ఇక్కడే కూర్చుండిపోయారు."

కెనెచి పకపకా నవ్వాడు. బయట వాన మొదలైంది. వాళ్ళ వెనకే, ఈసారి మరీ దగ్గరగా, ఎవరో గొంతు సవరించుకున్నారు.

నవ్వు ఆగిపోయింది. ఉరెన్నా అతని చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంత భయంలోనూ అది అతనికి బాగుంది.

"మళ్ళీ పిలవండి," అని గుసగుసగా అంది. "మన మాటలో. మీ తాతల పేర్లు చెప్పి."

"నాకు తాతలు లేరు, ఉరెన్నా."

ఇన్నేళ్ళుగా దాచిందంతా ఆ వాన చప్పుడులో చెప్పేశాడు. ఆమె అయ్యో అనలేదు. తండ్రి కోసం కొన్న కోలాకాయను సంచిలోంచి తీసి అతని చేతిలో పెట్టింది. ఆడవాళ్ళు విరవకూడదు కాబట్టి అతనే విరవాలి.

కెనెచి ఖాళీ పీట వైపు తిరిగాడు. "మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకూ తెలీదు. మిమ్మల్ని పిలిచేవాళ్ళు ఎవరూ లేకపోతే నేను పిలుస్తాను. నన్ను మీవాడే అనుకోండి."

కాయ విరిచాడు. ఆ తర్వాత ఒబిలో ఏ చప్పుడూ వినపడలేదు.

వానలు తగ్గేసరికి గోడలు పూర్తయ్యాయి. ఇక ఏ వంకతో వస్తారని ఉరెన్నా ఏడిపిస్తే, ఈసారి మీ ఇంటికే వస్తాను, నిన్ను ఇమ్మని అడుగుతానన్నాడు. ఆమె మొహం ఎర్రబడి, మరుక్షణంలో వాడిపోయింది. పిల్లను అడగడానికి సొంతవాళ్ళలో ఒక పెద్దను వెంటబెట్టుకుని రానివాడికి వాళ్ళ నాన్న కోలాకాయ కూడా చూపించడు. పైగా ఒనిచా నుంచి మరో సంబంధంవాళ్ళు బాబాయిలతో సహా రాబోతున్నారు.

కెనెచి కాలనీలో పెద్దవాళ్ళందరినీ బతిమాలాడు. కోలాకాయ ముందు లేని చుట్టరికం చెప్పలేమన్నారు అందరూ. చివరికి ఒక్కడే వెళ్ళాడు.

ముందుగదిలో కూర్చుని, ఏమని క్షమాపణ చెప్పుకోవాలా అని ఆలోచిస్తున్నాడు. ఉరెన్నా తండ్రి కోలాకాయ పళ్ళెంతో లోపలి నుంచి వచ్చాడు. కెనెచిని దాటి, పక్కనున్న ఖాళీ కుర్చీ ముందు వంగి నమస్కరించాడు. వచ్చినవాళ్ళలో పెద్దవారికి చూపించినట్టు పళ్ళెం అక్కడ చూపించి, కాసేపు ఆగి, తల ఊపాడు.

"ఇంత పెద్దాయన్ని తీసుకొస్తున్నానని ముందే చెప్పొద్దా అబ్బాయ్? ఒంటరివాడివని విన్నాను."

గుమ్మంలో ఉరెన్నా కొయ్యబారిపోయింది. కెనెచి అటు తిరిగి చూశాడు. కుర్చీలో ఎవరూ లేరు. దానిమీది దిండు మాత్రం మధ్యలో లోపలికి నొక్కుకుపోయి ఉంది.

"ఈయన నీకేమవుతారు?"

పుట్టి బుద్ధెరిగాక కెనెచిని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మా తాతగారండి."

ఉరెన్నా తండ్రి కాయ విరిచాడు. మొదటి ముక్క ఆ కుర్చీ ముందు పెట్టి, రెండోది మనవడికి ఇచ్చాడు.