నార్వే ఆవిడ బావి

చీకటి పడ్డాక ఆ బావి వైపు ఎవరూ వెళ్ళరు. పగలైనా, తప్పనిసరైతేనే.

నెబ్రాస్కా ఇసుక దిబ్బల మధ్య, స్ప్రాడ్లిన్ వాళ్ళ పశువులు మేసే భూమిలో ఉంటుందది. పక్కనే ఒకప్పుడు గడ్డిమట్టి పెళ్ళలు పేర్చి కట్టిన ఇల్లుండేది. ఇప్పుడది నడుమెత్తు దిబ్బ, అంతే. బావి మూతి మీద పాత చెక్కపలకలు. ఎండాకాలం దాహానికి అల్లాడే ఆవులు కూడా ఆ పలకల దాకా వచ్చి, వాసన చూసి, వెనక్కి తిరిగిపోతాయి.

గాలి ఆగిన రాత్రుల్లో లోపల్నుంచి ఆడగొంతు వినిపిస్తుందని చెప్పుకునేవాళ్ళు. ఏమంటుందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు. ఆగి పూర్తిగా విన్నవాళ్ళు ఉంటే కదా...

మొగుణ్ణీ, ఐదేళ్ళ కూతుర్నీ వదిలేసి పోయిన నార్వే ఆవిడ గొంతని, ఆ పాపమే ఆవిణ్ణి మళ్ళీ అక్కడికి లాక్కొచ్చిందని ఊళ్ళో పెద్దవాళ్ళు తేల్చేశారు.

ఆవిడ పేరు గున్‌హిల్డ్. వెర్నా టాలిఫ్‌సన్‌కి తాతమ్మ — అమ్మమ్మ సిగ్రిడ్ కన్నతల్లి.

వెర్నా ఆ ఊరి బడిలో వంట చేసేది. యాభై రెండేళ్ళ మనిషి, దెయ్యాలంటే నవ్వేసే రకం. ఊరు పుట్టి తొంభై ఏళ్ళవుతోందని, మొదట వచ్చి నేల దున్నిన కుటుంబాల గురించి ఒక పుస్తకం వేద్దామనుకున్నారు. ఇంటికి రెండు పేజీలు. వెర్నా రెండు పేజీలూ చక్కగా రాసింది. ఒక్కచోట ఆగిపోయింది. గున్‌హిల్డ్ పేరు పక్కన, చనిపోయిన తేదీ దగ్గర.

ఆ ఖాళీ ఆవిణ్ణి నిద్ర పోనివ్వలేదు.

కోర్టు ఆఫీసులో దుమ్ము పట్టిన పుస్తకాలు తిరగేసింది. 1880 జనాభా లెక్కల్లో గున్‌హిల్డ్ ఉంది — ఇరవై ఆరేళ్ళు, ఇంటిపని. ఐదేళ్ళ తర్వాతి లెక్కల్లో లేదు. భూమి పట్టా కాగితాల్లో మొగుడు ఆండర్స్ సంతకం, దాని పైన ఒక ముక్క: "భార్య విడిచిపెట్టి పోయినది." చర్చి రిజిస్టరులోనూ అదే మాట. విడిచిపెట్టి పోయింది సరే, పోయి ఎక్కడ తేలింది? రైలు దారి వెంట ఉన్న ఊళ్ళన్నిటికీ ఉత్తరాలు రాసింది. మిన్నెసోటా చర్చిలకి రాసింది. ఓడ రేవులకి రాసింది. జవాబులు వచ్చాయి, మర్యాదగా. అలాంటి మనిషెవరూ మా దగ్గరికి రాలేదు అని.

ఒక ఆడది చేతిలో పైసా లేకుండా, భాష రాకుండా, మనుషులే లేని ఆ దిబ్బల్లోంచి నడిచి ఎక్కడికి పోతుంది?

తల్లి ఆల్మాకి ఈ వెతుకులాట మొదట్నుంచీ ఇష్టం లేదు. డెబ్భై నాలుగేళ్ళ ముసలావిడ, కూతురి ఇంట్లోనే ఉంటుంది. ఆ పేజీలు తీసినప్పుడల్లా లేచి వెళ్ళిపోయేది. పోయినవాళ్ళ జోలి మనకెందుకు అనేది. మీ అమ్మని కన్నది కదమ్మా అంటే, వంటింట్లోకి పోయి గిన్నెలు తోమేది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం, బడి అయ్యాక, కనీసం ఆ ఇల్లున్న చోటైనా చూసొద్దామని వెర్నా బయల్దేరింది.

భూమి యజమాని ఓర్విల్ స్ప్రాడ్లిన్ గేటు తీసి దారి చూపించాడు. పొద్దు గూకేలోపు వచ్చెయ్యమ్మా అన్నాడు. రాకపోతే నేనే వస్తానన్నాడు. దెయ్యమా అని వెర్నా నవ్వింది. ఓర్విల్ నవ్వలేదు. అక్కడ ఇసుక మెత్తన, కార్లు దిగబడతాయి అని మాత్రం అన్నాడు.

అన్నట్టే దిగబడింది. దిబ్బ చూసి, బావి చూసి, తిరుగుదామని కారెక్కితే వెనక చక్రాలు సగానికి కూరుకుపోయాయి. చేత్తో తోడింది. గడ్డి కోసి చక్రాల కింద వేసింది. ఎంత తొక్కితే అంత లోతుకి పోయింది.

ఎండ పోయింది. గాలీ ఆగిపోయింది.

ఆ దిబ్బల్లో గాలి ఆగడమంటే... ఎప్పుడూ మోగే చెవి ఒక్కసారి మూసుకుపోయినట్టుంటుంది.

అప్పుడు వినిపించింది.

"తావ్..."

నీటి బొట్టు అనుకుంది వెర్నా. కానీ అది ఎండి ఎన్నాళ్ళో అయిన బావి.

"తావ్... తావ్..."

వెర్నా కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. పరిగెత్తాలనుంది. రెండు మైళ్ళ దూరంలో స్ప్రాడ్లిన్ ఇంటి దీపం కనిపిస్తోంది కూడా. కానీ ఆ గొంతులో కోపం లేదు, బెదిరింపు లేదు. అలిసిపోయిన మనిషి, ఒకే మాట వందసార్లు అన్న మనిషి, నూట ఒకటోసారి అంటున్నట్టుంది.

కాళ్ళే ఆవిణ్ణి బావి దగ్గరికి తీసుకెళ్ళాయి. పలకల మీద బోర్లా పడుకుని, సందులో చెవి పెట్టింది. చల్లటి మట్టి వాసన...

"ఎవరు?" అంది, తనకే వినపడనంత మెల్లగా.

లోపల గొంతు ఆగింది. ఆగి — ఒక్కసారిగా తొందరపడింది. ఎవరో ఉన్నారని తెలిసిన మనిషి తొందర అది. తావ్, తావ్, ఇంకా ఏవేవో మాటలు, ఏడుపూ, బతిమాలడమూ కలిసిపోయి... వెర్నాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నార్వే భాష. ఇంట్లో అమ్మకి వచ్చు, పోయిన అమ్మమ్మకీ వచ్చేది. వెర్నాకి మాత్రం నేర్పలేదు. పిల్లకి ఆ భాష వద్దని అమ్మమ్మ సిగ్రిడ్ పట్టుబట్టిందట.

"నేనున్నాను" అని అరిచింది వెర్నా, తనకొచ్చిన ఇంగ్లీషులో. "ఏం కావాలి? నాకు అర్థం కావడం లేదు..."

లోపలున్నావిడకి ఇంగ్లీషు రాదు.

ఎంతసేపు అలా పడుకుందో వెర్నాకి తెలీదు. ఓర్విల్ ట్రక్కు లైట్లు మీద పడ్డప్పుడు, ఆవిడ ఇంకా పలకల సందులోకి మాట్లాడుతూనే ఉంది. ఓర్విల్ ట్రక్కులోంచి పొడుగాటి తాడు తీసి, ఒక కొస ఆవిడ కారుకి కట్టి, బయటికి లాగాడు. ఆ తాడు తీస్తున్నంతసేపూ బావిలో గొంతు పిలుస్తూనే ఉంది. ఇద్దరూ విన్నారు. ఇద్దరూ తలొంచుకుని వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చేసరికి ఆల్మా ఇంకా మేలుకునే ఉంది, కాఫీ కాస్తోంది.

"అమ్మా," అంది వెర్నా. "తావ్ అంటే ఏమిటి?"

ఆల్మా పొయ్యి ఆపేసింది.

"తాడు" అంది, ఇటు తిరక్కుండానే.

ఆ తర్వాత చెప్పింది. సిగ్రిడ్ పోయే ముందు రోజు కూతురికి చెప్పి, ఇంకెవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్న సంగతి.

ఆ ఏడు బావిలో ఇసుక పూడుకొచ్చింది. మొగుడికన్నా తేలికైన మనిషి కాబట్టి గున్‌హిల్డే తాడు పట్టుకుని దిగేది, అడుగున ఇసుక తోడి బొక్కెన నింపేది. పైనుంచి ఆండర్స్ లాగేవాడు. ఆ రోజు పొద్దున్నే ఇద్దరికీ గొడవైంది. ఈ ఎడారిలో ఉండలేను, పిల్లని తీసుకుని మా అన్న దగ్గరికి పోతానంది గున్‌హిల్డ్. అయినా పని పనే కదా, దిగింది. దిగాక ఆండర్స్ తాడు పైకి లాగేసుకున్నాడు. ఒక రాత్రి అక్కడుంటే బుద్ధొస్తుందన్నాడు. తాడు తెచ్చి ఇంటి గోడకున్న మేకుకి తగిలించాడు. అది ముట్టుకుంటే నిన్నూ అందులోనే దింపుతానని పిల్లకి చెప్పి, పొలానికి పోయాడు.

"మేకు అందేదట సిగ్రిడ్‌కి," అంది ఆల్మా. "స్టూలెక్కితే అందేదట. వాళ్ళమ్మ పిలుస్తూనే ఉందట... తాడు వదలవే, తాడు వదలవే అని. మా అమ్మ స్టూలు కూడా వేసుకుందిట, వెర్నా. వేసుకుని, దాని మీద కూచుని, చెవులు మూసుకుందిట."

మర్నాడు పొద్దున ఆండర్స్ వెళ్ళి చూస్తే, రాత్రి గోడలు జారి ఇసుక గున్‌హిల్డ్ నడుం దాకా వచ్చేసింది. తాడు వేసి లాగాడు, రాలేదు. దిగడానికి ధైర్యం చాల్లేదు. మనుషుల్ని పిలవడానికీ చాల్లేదు — ఏం చెప్తాడు? ఆ రాత్రంతా గొంతు వినిపించింది. తెల్లారి వినిపించలేదు. మీ అమ్మ మనల్ని వదిలేసి పోయిందని పిల్లకి చెప్పాడు. పిల్ల అదే అందరికీ చెప్పింది. డెబ్భై ఏళ్ళు అదే చెప్పింది.

వెర్నా తన అరచేతులు చూసుకుంది. ఆ సాయంత్రం ఓర్విల్ తాడు అక్కడే ఉంది. పదడుగుల్లో.

మర్నాడు పొద్దు వాలుతుండగా ముగ్గురూ వెళ్ళారు. ఆల్మా రానంటే రానన్న మనిషి, తనే ముందు కారెక్కి కూచుంది. ఓర్విల్ పలకలు తీసి, గట్టు పక్కన పాత గుంజకి అరవై అడుగుల తాడు కట్టి, లోపలికి వదిలాడు. పదిహేను అడుగులకే అడుగు తగిలింది. అంతా గట్టిపడిన ఇసుక. తవ్వితే చుట్టూ జారుతుంది, ఇంకొకళ్ళని మింగుతుంది, ఎవరూ తవ్వలేరన్నాడు.

చీకటి పడింది. పిలుపు మొదలైంది.

ఆల్మా మోకాళ్ళ మీద వంగి, బావిలోకి మాట్లాడింది. వాళ్ళ భాషలో, మెల్లగా, చాలాసేపు. ఏం చెప్తున్నావని వెర్నా అడిగితే — నీ కూతురు ఐదేళ్ళ పిల్ల, భయపడింది, దాని మీద కోపం పెట్టుకోకు అని చెప్తున్నానంది. తాడు ఇదిగో వేశాం పట్టుకో అన్నానంది.

ముగ్గురూ తాడు మీద చేతులేసి నిలబడ్డారు.

ఏమీ పట్టుకోలేదు.

"తావ్..." అంది కింద గొంతు. ఎవరూ ఏమీ చెప్పనట్టే. మళ్ళీ మొదట్నుంచి.

చేసేదేం లేదని ఓర్విల్ తాడు పైకి లాగి, చుట్ట చుట్టి, గుంజకే తగిలించాడు. కొస విప్పబోతుంటే ఉండనీ అంది ఆల్మా.

ఆ తర్వాత మూడో రోజు పొద్దున్నే ఫోను మోగింది. ఓర్విల్.

రాత్రి గొంతు వినిపించలేదన్నాడు. గాలి ఆగింది, తను గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు, అయినా వినిపించలేదట. వెర్నా ఊపిరి పీల్చుకుంది. కానీ అతను ఫోను పెట్టెయ్యలేదు.

"పొద్దున వెళ్ళి చూశానమ్మా. తాడు బావిలోకి దిగి ఉంది."

జారిపడి ఉంటుందంది వెర్నా.

"అరవై అడుగులూ దిగింది. పదిహేను అడుగుల్లో ఇసుకుంది కదా... లాగితే రావడం లేదు. పైన ఇసుకలో అడుగుజాడలున్నాయి. చిన్నవి. చెప్పుల్లేవు. ఇక్కడికి ఏడు మైళ్ళలో పిల్లలున్న ఇల్లు లేదమ్మా."

వెనక నిలబడి వింటున్న ఆల్మా, కూతురి చేతిలోంచి ఫోను తీసుకుంది. ఎక్కడ మొదలయ్యాయని అడిగింది.

ఇంటి దిబ్బ దగ్గర, అన్నాడు ఓర్విల్. అక్కణ్ణుంచి తిన్నగా బావి గట్టు దాకా.

"వెనక్కి వెళ్ళినవి?"



"లేవమ్మా," అన్నాడతను.