జైనబీ ఆపని ఆట

కొత్త పనిమనిషి రాములవ్వ శనివారం పొద్దున విమానం దిగుతుందని ఖాయమయ్యాక, దమయంతి వంటింటి పక్క చిన్న గదిని ఖాళీ చెయ్యడానికి పూనుకుంది. గల్ఫులో, అల్ ఖువైర్ పేటలో వాళ్ళుండే బిల్డింగ్ కట్టినవాడు ప్రతి ఫ్లాట్‌కీ అలాంటి గది ఒకటి పెట్టాడు. మంచం వేస్తే మనిషి నిలబడలేదు. కిటికీ లేదు, ఏసీ లేదు, నెత్తిన మాత్రం గీజరు. ప్లానులో దాని పేరు పనిమనిషి గది. రెండేళ్ళుగా అందులో బియ్యం బస్తాలు, పాత సూట్‌కేసులు ఉంటున్నాయి.

ఆ బియ్యం వండినప్పుడల్లా దమయంతికి ఫినాయిలు వాసన కొట్టేది. ఆమె భర్త గంగాధరరావుకి కొట్టేది కాదు. మూడోసారి వడ్డించుకుని, పెరుగు కలిపి, వేళ్ళు ఒక్కొక్కటే నాకి, బ్రేవుమని తేన్చేవాడు.

సూట్‌కేసులు జరుపుతుంటే మంచం కోడుకీ గోడకీ మధ్య ఏదో ఇరుక్కుని కనిపించింది. చెయ్యి పెట్టి లాగింది. అరచేతిలో పట్టేంత బూడిదరంగు ప్లాస్టిక్ డబ్బా. కూతురు అక్షర చిన్నప్పటి వీడియో గేమ్. బ్యాటరీలు కారి వెనకంతా పచ్చటి జిగురు గడ్డకట్టింది. ఆ జిగురులో రెండు బొద్దింక రెక్కలు, ఒక పొడుగాటి వెంట్రుక. మీటల సందుల్లో కొబ్బరినూనె మకిలి. దమయంతి దాన్ని సూట్‌కేసు మీద పడేసింది. మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంది. వాసన చూసుకుని నాలుగోసారి కడుక్కుంది.

"జైనబీకిచ్చాను కదమ్మా అది," అంది అక్షర. "ఆ రూమ్‌లో ఒక్కతే ఉంటుందని. నా ఆట చెరిపేసి తనది మొదలుపెట్టుకుంది. భలే ఆడేది, తెలుసా? నాకంటే బాగా."

జైనబీ అంటే వాళ్ళింటి పాత పనిమనిషి. రాయచోటి పిల్ల. రెండేళ్ళ కిందట బక్రీద్ సెలవుల్లో పారిపోయింది. పారిపోయిందని గంగాధరరావు చెప్పాడు.

అక్షర ఊరుకోలేదు. డబ్బాని ఓ సంచిలో వేయించి, రువీలో కంప్యూటర్ షాపు నడిపే ఎహసాన్ దగ్గరికి తల్లిని లాక్కెళ్ళింది. ఎహసాన్ హైదరాబాదువాడు.

"మషీన్ ఖతం మేడం. లేకిన్ లోపలి కేసెట్ మంచిగుంది," అన్నాడతను. "ఆటను ఫ్లాపీలోకి దించి ఇస్తా. ఎమ్యులేటర్ అని ఒక ప్రోగ్రాం ఏస్తే మీ ఇంట్ల కంప్యూటరే ఈ డబ్బా లెక్క పనిచేస్తది. కేసెట్ల చిన్న బ్యాటరీ ఉంటది. ఎవరు ఎక్కడిదాకా ఆడిన్రో, ఎంతసేపు ఆడిన్రో అంతా యాది పెట్టుకుంటది. అది గూడ దించిన."

హాల్లో కొత్త కంప్యూటరు మీద ఆట తెరుచుకుంది. మూడు వరుసలు. మూడు ఆటలు దాచుకోవచ్చన్నమాట. మొదటి వరుసలో జైనబీ పేరు, పక్కన ఆడిన సమయం. నలభై ఒక్క గంటలు. కింద రెండూ ఖాళీ.

అక్షర మొదటి వరుస నొక్కింది. చీకటి కోట. అందులో వేలెడంత వీరుడు, చేతిలో కత్తి, ఎదురుగా మూసిన తలుపు. అక్షర ఇంకే మీటా నొక్కలేదు. వాడంతట వాడే కత్తెత్తి తలుపు మీద కొట్టాడు.

టక్.

కాస్త ఆగి... టక్... టక్.

"ఏం నొక్కినా వెనక్కి తిరగడేంటమ్మా వీడు! ఛ, పాడైపోయింది." విసుక్కుని ఆపేసింది.

మర్నాడు స్కూలు నుంచి వచ్చి మళ్ళీ తెరిచింది. యాభై మూడు గంటలు.

"నువ్వు ఆడావా?"

"నాకేం పనిలేదనుకున్నావుటే?"

ఆ మర్నాడు అరవై ఆరు. కంప్యూటరు ప్లగ్గు దమయంతి స్వయంగా పీకి పడుకుంది మరి.

శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం రెండు. బయట మండే ఎండ, లోపల మందపాటి కర్టెన్ల చీకటి. ఏసీ గురగురలాడుతోంది, బెడ్‌రూంలో గంగాధరరావూ గురగురలాడుతున్నాడు. అక్షర పక్క బిల్డింగ్‌లో ఉండే శ్రీవాణి ఇంటికి సంగీతానికి వెళ్ళింది. దమయంతి ఒక్కతే కంప్యూటరు ముందు కూర్చుని మొదటి వరుస చూసింది.

డెబ్బై రెండు గంటల పది నిమిషాలు.

చూస్తూ కూర్చుంది. అంకె కదల్లేదు. అక్కడితో ఆగిపోయింది.

ఆ బక్రీద్‌కి వాళ్ళు గురువారం మధ్యాహ్నం రెండింటికి బయల్దేరారు. దూరాన ఖబూరాలో గంగాధరరావు స్నేహితుడు రఘుపతిగారింటికి. సాయంత్రానికల్లా తిరిగి రావాలని. ఇల్లు దాటేటప్పుడు పనిమనిషిని గదిలో పెట్టి గడియ వెయ్యడం ఆ బిల్డింగ్‌లో గ్యాసు కట్టెయ్యడం లాంటిది. అందరూ చేసేదే. ఆ గడియ వేసిన చెయ్యి దమయంతిదే.

"గడియెందుకుమా?" అంది జైనబీ లోపల్నించి. "యాడికి పోతా నేను? పాస్‌పోర్టు సారు దగ్గరే ఉండాది గదా. ఈ పొద్దు పండగ కూడాను."

"సాయంత్రానికి వచ్చేస్తాం కదే."

ఖబూరాలో మగాళ్ళు పేకాటకి కూర్చున్నారు. సాయంత్రం కాస్తా ఆదివారం అయింది. జైనబీ గదిలో ఉందండీ అని దమయంతి రెండుసార్లు గుర్తుచేసింది. "సీసాడు నీళ్ళున్నాయి, రొట్టె ఉంది, చచ్చిపోతుందా ఏం?" అన్నాడు గంగాధరరావు ముక్కలు సర్దుకుంటూ. అందరూ నవ్వారు. దమయంతి కూడా నవ్వింది. అది తల్చుకుంటే ఇప్పటికీ నోట్లో చేదు ఊరుతుంది.

ఆదివారం రెండింటికి కారు బిల్డింగ్ కింద ఆగింది. "మీరు కూర్చోండి, నేను చూసొస్తా" అని అతనొక్కడే పైకి వెళ్ళాడు. పది నిమిషాల్లో దిగివచ్చాడు. చేతులు తడిగా ఉన్నాయి. "పారిపోయింది ముండ. పోలీసుల గొడవ ఉంటుంది, మీరీ రాత్రికి శ్రీవాణి వాళ్ళింట్లో ఉండండి." తెల్లారి వచ్చేసరికి ఇల్లంతా ఫినాయిలు. ఎలక చచ్చిందన్నాడు.

బయట గడియ వేసిన గదిలోంచి మనిషెలా పారిపోయిందని దమయంతి అడగలేదు. అడక్కపోవడమే కదా మంచి కాపురమంటే.

డెబ్బై రెండు గంటలు. ఆ పైన పది నిమిషాలు.

అంటే... ఆయన పైన ఉన్న ఆ పది నిమిషాల దాకా జైనబీ బతికే ఉంది, కొడుతూనే ఉంది.

దమయంతి బాత్రూంలోకి పరిగెత్తి తిన్నదంతా కక్కేసింది. మొహం కడుక్కుని, స్క్రూడ్రైవరు తీసుకుని, చిన్న గది తలుపుకున్న గడియ నాలుగు మరలూ విప్పింది. తుప్పు, జిడ్డు వేళ్ళకి అంటుకున్నాయి. ఈసారి కడుక్కోలేదు.

గంగాధరరావు పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ లేచి వచ్చాడు. భోజనాల బల్ల మీద కొత్త ఇత్తడి గడియ ప్యాకెట్లో ఉంది. నిన్ననే కొనుక్కొచ్చాడు.

"పాతది పీకేశావా? మంచిపని చేశావ్. ఇది చూడు, ఏనుగు గుద్దినా ఊడదు."

"గడియ వద్దండీ. ఆ రాములవ్వని నేను బంధించను."

"మరి ఇదీ పారిపోతే?"

"జైనబీ ఎలా పారిపోయింది?"

అతను పుల్ల నోట్లోంచి తీసి, చివర చూసి, సోఫా చేతికి తుడిచాడు. "ఏమోయ్, నోరు లేస్తోంది. టీ పెట్టు పో."

చిన్న గదిలోకి వెళ్ళాడు. తలుపు చట్రంలో సరిగ్గా పడుతోందో లేదో చూడాలని లోపల్నించి లాక్కున్నాడు. తలుపు మూసుకుంది.

హేండిల్ కదిలింది. మళ్ళీ కదిలింది.

"దమయంతీ, గడియ తియ్యి."

"వెయ్యలేదండీ."

"పరాచికాలా? తియ్యవే!"

పాత గడియ ఆమె గుప్పిట్లో ఉంది. కొత్తది బల్ల మీద, ప్యాకెట్లో. తలుపుకి నాలుగు ఉత్త కన్నాలు. దమయంతి హేండిల్ పట్టుకు లాగింది. నిజంగానే లాగింది... కాలు గోడకి తన్నిపెట్టి లాగింది. తలుపు గోడైపోయినట్టు కదల్లేదు. కన్నాల్లోంచి సన్నగా ఫినాయిలు వాసన. దాని కింద ఇంకో వాసన.

లోపల్నించి కొట్టాడు.

టక్.

కాస్త ఆగి... టక్... టక్.

వెనక హాల్లో కంప్యూటరు చిన్నగా కూసింది. దమయంతి తిరిగి చూసింది. మూడు వరుసలు. మొదటిదాని అంకె కదలడం లేదు. రెండో వరుసలో అతని పేరు. పక్కన ఒక సెకను. రెండు. మూడు...

మూడో వరుస ఇంకా ఖాళీయే. అక్కడ గీత ఒకటి వెలిగి ఆరుతోంది. ఎవరో, గడియ వేసిన చేతి పేరు రాయబోతున్నట్టు.