పదకొండూ... లేచావా?

"...పైనుంచి పోతే లారీ గుద్దుద్ది. కిందనుంచి పోతే అది తట్టుద్ది. ఏది కావాలో నువ్వే చూసుకోవే."

ఐవీ ఆ మాట అనేసి మళ్ళీ బంగాళాదుంపల తొక్క తీయడంలో పడిపోయింది. ఆస్పత్రి వంటింట్లో హిల్డాకి ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు ఆవిడ.

బర్మింగ్‌హామ్‌లో ఆ పెద్ద రోడ్డు కింద తవ్విన సబ్‌వేకి అట్లాంటి పేరొచ్చేసింది. తెల్లారకముందు అందులో ఎవరో గోడ తడతారట. మూడు దెబ్బలు... ఆగి, మళ్ళీ మూడు. ఎవరా అని చూడ్డానికి ఆగినోళ్ళు మాత్రం లేరు.

యుద్ధంలో బాంబులకి కూడా పడని ఇళ్ళు, యుద్ధం అయ్యాక రోడ్డు ప్లానుకి పడిపోయాయి. హిల్డా పుట్టిన వీధీ అట్లానే పోయింది, ఇప్పుడా సబ్‌వే ఉన్నది దాని చోటే. పద్నాలుగో నంబరు ఇంటి మాడ్ అవ్వ ఒక్కతే కదలనని కూర్చుంది. కూల్చేవాళ్ళు రావాల్సిన వారంలోనే మంచంలో కన్నుమూసింది. తట్టేది ఆవిడేనని ఐవీ అనుమానం.

హిల్డా అనుమానం వేరు. ఎవరో కుర్రాళ్ళు కావాలని ఆడిస్తున్నారు... అంతే అయ్యుండాలి. అయినా దిగేది కాదు, రోడ్డు మధ్య కంచె దాటుకుని పైనుంచే పోయేది. మొన్న ఆ కంచె ఎత్తు పెంచారు. చుట్టు తిరిగి పోయేసరికి రోడ్డు అవతల పొద్దున అయిదింటి బస్సు రెండుసార్లు తప్పిపోయింది. మూడోసారి ఆలస్యమైతే ఇక పనికి రానక్కర్లేదన్నాడు సూపర్‌వైజరు. ఇంట్లో ఇద్దరు పిల్లలు. వాళ్ళ తిండి ఆ పని మీదే.

మర్నాడు మెట్లు దిగింది.

సగం దీపాలు పగిలిపోయున్నాయి. తడి సున్నం వాసన...

టక్ టక్ టక్.

ఆగింది. చప్పుడూ ఆగింది.

టక్ టక్ టక్... ఈసారి దగ్గర్లో. కుర్రాళ్ళయితే ఈపాటికి నవ్వాలి కదా. ఎవరూ నవ్వలేదు.

"పదకొండూ... లేచావా?"

హిల్డా గోడకేసి చూసింది. పదకొండు — వాళ్ళ నాన్న ఇంటి నంబరు. మనుషుల్ని అట్లా నంబరు పెట్టి పిలిచేది ఆ వీధిలో ఒక్క ఎనక్ తాతే. ఫ్యాక్టరీ పొద్దుటి డ్యూటీవాళ్ళని లేపడం ఆయన పని. పొడుగు వెదురుకర్రతో మేడమీది కిటికీలు తట్టేవాడు. లోపలివాళ్ళు "లేచాను" అనేదాకా అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. మాడ్ అవ్వయితే రోజూ ఒకటే మాట విసిరేది — "లేచాలేవయ్యా, అద్దం పగలగొడతావా ఏంటి?" వీధి వీధంతా దుప్పట్లలో నవ్వుకునేది.

"లే... లేచాను," అంది హిల్డా.

చీకట్లోంచి ముందు కర్ర వచ్చింది. వెనక మనిషి. ఎనక్ తాతే... బతికే ఉన్నాడు, చూపే పోయింది. అడుగులు లెక్కపెట్టుకుంటూ, ఒకప్పుడు ఏ ఇల్లు ఎక్కడుండేదో అక్కడ గోడ తడుతున్నాడు.

"ఇన్నాళ్ళకి ఒకళ్ళు పలికారు," అన్నాడు మెల్లగా. "ఎవరూ పలక్కపోతే నేనెట్లా ఇంటికి పోయేది తల్లీ?"

పైన బస్సు వచ్చే వేళయింది. అయినా ఆయన్నట్లా వదిలేసి పోలేకపోయింది హిల్డా. పన్నెండుకి తనే పలికింది. పదమూడుకి గొంతు బొంగురు చేసి పలికింది.

"పదమూడోడికి జలుబు చేసినట్టుందే," అన్నాడు తాత. నవ్వాడు కూడా.

పైన బస్సు వచ్చి ఆగిన చప్పుడు. ఇంకొక్క ఇల్లే... చివరిది. అది పలికేస్తే ఆయన ఇంటికి పోతాడు, తను పరిగెత్తి బస్సెక్కుద్ది.

టక్ టక్ టక్. "పద్నాలుగూ... లేచావా?"

హిల్డా నోరు తెరవబోయింది. ఇంకా తెరవనేలేదు...

గోడ లోపల్నుంచి, నిద్రమత్తుగా —

"లేచాలేవయ్యా, అద్దం పగలగొడతావా ఏంటి?"